కట్టేశాక అడిగే అనుమతి

2025 నవంబరు 18న సుప్రీంకోర్టు, ఆరు నెలల కిందట తానిచ్చిన తీర్పును తానే వెనక్కి తీసుకుంది. పర్యావరణ అనుమతి లేకుండా మొదలుపెట్టిన ప్రాజెక్టులకు, అవి కట్టేసి నడవడం మొదలయ్యాక అనుమతి ఇవ్వడం కుదరదని ఆ ఏడాది మే 16న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం, పర్యావరణ సంస్థ వనశక్తి వేసిన కేసులో తేల్చిచెప్పింది. అలాంటి అనుమతులకు దారి తెరిచిన 2017 నోటిఫికేషన్‌ను, 2021 ఆఫీస్ మెమొరాండాన్ని కొట్టేసింది. స్థిరాస్తి వ్యాపారుల సంఘం క్రెడాయ్ పునఃసమీక్ష కోరుతూ కోర్టు తలుపు తట్టింది. నాటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె. వినోద్ చంద్రన్ మే తీర్పును ఉపసంహరించారు. మూడో న్యాయమూర్తి భూయాన్ మాత్రం తన పాత మాటకే కట్టుబడి సుదీర్ఘమైన భిన్నాభిప్రాయం రాశారు. వ్యవహారాన్ని మళ్లీ మొదటి నుంచి తగిన ధర్మాసనం ముందుంచాలని మెజారిటీ తీర్పు ఆదేశించింది.

మెజారిటీ చూపిన కారణాల్లో ఒకటి సాంకేతికమైనది. ఎలక్ట్రోస్టీల్, పహ్వా ప్లాస్టిక్స్ వంటి కేసుల్లో 2021, 2022లలో వచ్చిన తీర్పులను మే ధర్మాసనం పరిగణనలోకి తీసుకోలేదన్నది. రెండోది డబ్బుకు సంబంధించినది. మే తీర్పు నిలిస్తే దాదాపు 20,000 కోట్ల రూపాయల ప్రజాధనంతో కట్టిన ప్రాజెక్టులను కూల్చాల్సి వస్తుందని కోర్టు ఆందోళన పడింది. ఒడిశాలో 962 పడకల ఎయిమ్స్ ఆస్పత్రి, కర్ణాటకలో ఒక కొత్త విమానాశ్రయం ఆ జాబితాలో ఉన్నాయి. కట్టిన ఆస్పత్రిని కూల్చమని ఎవరు మాత్రం అంటారు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకే చాలామంది ఈ తీర్పును మౌనంగా ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే పర్యావరణ అనుమతి ఏ పని కోసం పుట్టిందో ముందు చూడాలి.

1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేల ప్రాణాలు తీశాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994లో మొదటిసారి, 2006 సెప్టెంబరు 14న మరింత వివరంగా, పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్లు వెలువడ్డాయి. గనైనా, సిమెంటు ఫ్యాక్టరీ అయినా, మందుల కంపెనీ అయినా పునాది తవ్వకముందే దాని వల్ల నీటికి, గాలికి, నేలకు, మనుషులకు ఏమవుతుందో అధ్యయనం చేయాలి. ఆ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో ఊరివాళ్లకు అందుబాటులో ఉంచాలి. 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. ఆ తర్వాతే నిపుణుల కమిటీ పరిశీలన, అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో.

ఈ సభలను దగ్గరగా చూసినవాళ్లకు వాటి తీరు తెలుసు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ పోలీసు బందోబస్తు, ముందు వరుసల్లో కంపెనీ వ్యానుల్లో తెచ్చి కూర్చోబెట్టిన జనం. అయినా ఆ మైకు దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు ఒక రైతు వస్తాడు. మీరు వేసే బోర్లు ఎంత లోతు, మా బోర్లకు ఎంత దూరం అని అడుగుతాడు. మీ మురుగు ఏ వాగులో కలుస్తుంది, ఆ వాగు నీళ్లు తాగే గొర్రెల సంగతేమిటి అని అడుగుతాడు. ఇంజినీర్లు రాసిన వందల పేజీల నివేదికలో లేని ప్రశ్నలు ఆయన నోట వస్తాయి, ఎందుకంటే ఆ వాగు ఏ నెలలో ఎండుతుందో ఆయనకు తెలుసు. ఆ ప్రశ్నలు మినిట్స్‌కెక్కి స్థలం మారిన, డిజైన్ మారిన, షరతులు పెరిగిన సందర్భాలూ ఉంటాయి. ఫ్యాక్టరీ కట్టేసి, పొగగొట్టం పొగ వదులుతుండగా అదే సభ పెడితే ఆ రైతు ఏమడగాలి? బోరు వేసేశారు, మురుగు పారుతోంది. చేతులు కాలాక పట్టుకునే ఆకులకు మన చట్టం పెట్టుకున్న పేరే ఈ అనంతర అనుమతి.

అసలు గుట్టు జరిమానా లెక్కలో ఉంది. 2017 మార్చి 14న కేంద్ర పర్యావరణ శాఖ ఉల్లంఘనదారులకు ఒకే ఒక్కసారి అంటూ ఆరు నెలల గడువుతో కిటికీ తెరిచింది. గడువు ముగిసినా కిటికీ మూతపడలేదు. 2021 జూలై 7న ఒక ఆఫీస్ మెమొరాండంతో దాన్ని శాశ్వత పద్ధతిగా మార్చింది. పార్లమెంటు చేసిన చట్టం కింద వచ్చిన నోటిఫికేషన్ సారాన్ని శాఖలోని ఒక మెమో మార్చేయవచ్చా అన్నది వేరే పెద్ద ప్రశ్న. ఆ మెమో ప్రకారం, అనుమతి లేకుండా నడుస్తున్న యూనిట్ ప్రాజెక్టు వ్యయంలో ఒక శాతం, ఉల్లంఘన కాలపు టర్నోవర్‌లో పావు శాతం జరిమానా కట్టాలి. ఎవరూ ఫిర్యాదు చేయకముందే తానుగా వచ్చి ఒప్పుకుంటే అందులో సగం చాలు.

వంద కోట్లతో కట్టిన ఫ్యాక్టరీని తీసుకుందాం. ఏడాదికి రెండొందల కోట్ల అమ్మకాలు. అనుమతి లేకుండా ఏడాది నడిపింది. ప్రాజెక్టు మీద కోటి, అమ్మకాల మీద 50 లక్షలు, కలిపి కోటిన్నర. తానే వచ్చి ఒప్పుకుంటే 75 లక్షలు. పర్యావరణానికి చేసిన నష్టాన్ని పూడ్చే ప్రణాళికకు బ్యాంకు గ్యారంటీ కూడా ఇవ్వాలి, దాన్ని ఈ లెక్కలో చేర్చలేదు. ఇక పద్ధతి ప్రకారం వెళ్లిన పక్క కంపెనీ లెక్క చూడాలి. ఒక సీజను పాటు గాలి, నీటి నమూనాలు, తర్వాత నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల కమిటీ. ఏడాది ఇట్టే గడిచిపోతుంది. భూమికి, యంత్రాలకు సగం పెట్టుబడి ముందే తెచ్చి ఉంటే పది శాతం వడ్డీ లెక్కన ఆ ఏడాదికి వడ్డీ అయిదు కోట్లు. ఏడాది అమ్మకాలు పోయినట్టే, మార్కెట్‌లో చోటు అవతలివాడికి పోయినట్టే. చట్టాన్ని పాటించినవాడికి అయిదు కోట్లు ఖర్చు, తప్పినవాడికి జరిమానా కోటిన్నర. చార్టర్డ్ అకౌంటెంటు ఏ సలహా ఇస్తాడో వేరే చెప్పనక్కర్లేదు.

పర్యావరణ చట్టాలు వ్యాపారానికి అడ్డంకి అనే వాదన వింటూనే ఉంటాం. ఈ లెక్క దాన్ని తలకిందులు చేస్తోంది. ఇక్కడ చట్టం వ్యాపారానికి అడ్డం పడలేదు. నిజాయతీగా వ్యాపారం చేసేవాడికి మాత్రమే అడ్డం పడింది. జరిమానా తెచ్చే నష్టం ఉల్లంఘన తెచ్చే లాభం కన్నా తక్కువైతే దాన్ని ఎవరూ శిక్షగా చూడరు, లైసెన్సు ఫీజుగా రాసుకుంటారు. పోటీ మార్కెట్‌ను నమ్మేవాళ్లు అందరికన్నా ముందు దీన్ని ఎదిరించాలి. పారిశ్రామిక సంఘాల నుంచి అలాంటి మాట నాకు వినపడలేదు. 2023లో జన్ విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని అయిదేళ్ల దాకా పడే జైలు శిక్షను తీసేసి, దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టినప్పుడు మాత్రం స్వాగత వచనాలకు కొదవ లేదు. జైలు శిక్ష ఉన్నప్పుడూ పెద్దగా ఎవరూ జైలుకు వెళ్లలేదన్నది నిజమే. కానీ డైరెక్టర్ల బోర్డు గదిలో ఆ సెక్షన్ భయం ఒకటి ఉండేది. 15 లక్షలు అక్కడ ఎవరినీ భయపెట్టవు.

కాగితాల్లో ఒక అనుమతి ఆలస్యమైతే కొంపలేం మునుగుతాయనే వాళ్లకు విశాఖపట్నం గుర్తు చేయాలి. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది, 1997లో దక్షిణ కొరియా ఎల్‌జీ చేతికి వచ్చింది. ఊరు పెరిగి ఫ్యాక్టరీ గోడల దాకా వచ్చింది, ఫ్యాక్టరీ ఉత్పత్తీ పెరుగుతూ పోయింది. పెరిగిన ఉత్పత్తికి తగిన చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని 2019 మేలో కంపెనీయే రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఒప్పుకున్నాక కూడా ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. దాదాపు ఏడాదికి, 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో ఆపి ఉంచిన ఫ్యాక్టరీలోని ఎం-6 ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి బయటికొచ్చి ఊరి మీద పడింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఆ తర్వాత వచ్చిన విచారణ నివేదికలు చదివితే గుండె మండుతుంది. స్టైరిన్ తనంతట తాను గట్టిపడి వేడెక్కకుండా ఆపే టీబీసీ అనే రసాయనం తగినంత నిల్వ లేదు. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, వేడి పుట్టింది పైపొరల్లో. ప్రమాద సైరన్ మోగలేదు. ఇవేవీ ఎవరికీ తెలియని శాస్త్ర రహస్యాలు కావు. పక్కనే వేల ఇళ్లున్న చోట అంత స్టైరిన్ ఒకే పాత ట్యాంకులో పెట్టడమేమిటి, వేడెక్కితే ఏం చేస్తారు, సైరన్ ఎవరు మోగిస్తారు అన్నవి అనుమతికి ముందు నిపుణుల కమిటీ అడిగి తీరాల్సిన ప్రశ్నలు. అడగాల్సిన సమయంలో అడిగే దశే రాలేదు. అనుమతి కాగితం ఉంటే ప్రమాదం జరిగేది కాదని నేననడం లేదు. ఆ కాగితం కోసం జరగాల్సిన తనిఖీ జరగకుండానే ఉత్పత్తి పెరిగిందంటున్నాను. జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చేయమని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది. నష్టం జరిగిపోయాక డబ్బు చేయగలిగింది అంతే.

ఈ చిక్కుముడిని మన నేల మీద పుట్టిన కేసులోనే సుప్రీంకోర్టు ఎప్పుడో విప్పింది. హైదరాబాద్ దాహం తీర్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు పెట్టరాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చింది. ఆ పరిధిలో ఆముదం నూనె నుంచి రసాయనాలు తయారుచేసే ఒక పరిశ్రమ భూమి కొని, నిర్మాణాలు చేపట్టి, యంత్రాలకు డబ్బు పెట్టి, ఆ తర్వాత కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి అడిగింది. మండలి కాదంది. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. పర్యావరణానికి హాని జరగదని రుజువు చేయాల్సిన భారం ప్రాజెక్టు పెట్టేవాడిదేనని 1999లో ఆయన రాశారు. 2000 డిసెంబరులో మలి తీర్పు ప్రభుత్వమిచ్చిన మినహాయింపును పక్కకు నెట్టింది. డబ్బు పెట్టేశాం కాబట్టి వదిలేయండన్న వాదన లక్షల మంది తాగే నీళ్ల ముందు నిలవలేదు. పాతికేళ్లు తిరిగేసరికి అదే వాదన 20,000 కోట్ల అంకెతో తిరిగొచ్చి గెలిచింది. ఇక జీవో 111 ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఎత్తేసింది.

2025 ఏప్రిల్ 3న హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోని నాలుగొందల ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు తెలంగాణ ప్రధాన కార్యదర్శిని అడిగిన ప్రశ్నల్లో, ఇలాంటి అభివృద్ధి పనులకు పర్యావరణ ప్రభావ మదింపు చేయించారా, చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారా అన్నవి ఉన్నాయి. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది జస్టిస్ గవాయే. ఆ రోజు అడిగిన ప్రశ్న సరైనదే. పని మొదలయ్యే ముందే అడగాల్సిన ప్రశ్న అది. నరికింది వంద ఎకరాల్లోనే కాబట్టి అప్పుడు అడగడం సాధ్యమైంది. నాలుగొందల ఎకరాల్లోనూ భవనాలు లేచాక అడిగి ఉంటే, నవంబరు తర్కం ప్రకారం జవాబు ఒక చెక్కు రూపంలో వచ్చేది.

వ్యాపారం తన ఖర్చును ఎవరి మీదకు తోస్తుందో చూడాలంటే పటాన్‌చెరు వెళ్లాలి. ప్రపంచానికి చౌకగా మందులు ఇచ్చామని మనం గర్వపడతాం, అది గర్వపడాల్సిందే. ఆ చౌకకు కొంత మూల్యం అక్కడి వాగు, నక్కవాగు, చెల్లించింది. పటాన్‌చెరు, బొల్లారం బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో అది హైకోర్టుకు బదిలీ అయింది, హరిత ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. కేసు వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి 27 ఏళ్లు. మధ్యలో 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఆ నీటిలో బతికిన బ్యాక్టీరియాకు ఆ మందు ఇక పనిచేయదు, ఆ బ్యాక్టీరియా పటాన్‌చెరు దగ్గరే ఆగదు. స్థానికంగా ప్రజల పక్షాన పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటి వాళ్లు దశాబ్దాలుగా చెప్పిన మాటకు ప్రయోగశాల సాక్ష్యం దొరికింది.

దానికి చట్టం ఎలా స్పందించింది? మందుల కంపెనీల మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంత మేరకు ఉండవచ్చో పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నోటిఫికేషన్ తెచ్చింది. ప్రపంచంలోనే అలాంటి ప్రయత్నాలు అరుదు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. రాతలోంచి ఒక పట్టిక తీసేస్తే కంపెనీలకు మిగిలేది కోట్లు, మన ఆస్పత్రుల ఐసీయూల్లో పోయేది మనుషులు. ఈ ఖర్చు ఏ కంపెనీ బ్యాలెన్స్ షీటులోనూ కనపడదు.

కోర్టుల ఆలస్యం కూడా లాభమే అవుతుంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్ఛ్రీ గ్రామంలో హెచ్-యాసిడ్ అనే రసాయనం తయారుచేసిన కంపెనీలు బావుల నీళ్లను తాగడానికి పనికిరాకుండా చేశాయి. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. బాగుచేతకు లెక్కగట్టిన 37 కోట్ల పైచిలుకు సొమ్ము ఏళ్లు గడిచినా కట్టలేదు. పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ నెట్టుకొచ్చారు. 2011లో కోర్టు దానికి 12 శాతం చక్రవడ్డీ కలిపింది. కట్టకుండా నిలిపిన డబ్బుతో వ్యాపారం చేసుకున్నవాడికి న్యాయ ప్రక్రియ లాభం తెచ్చిపెట్టకూడదన్న ఇంగిత జ్ఞానం ఆ తీర్పులో ఉంది. ఒడిశా అక్రమ ఖనిజ తవ్వకాల మీద 2017 నాటి కామన్ కాజ్ తీర్పులోనూ ఉంది. అనుమతి లేకుండా తవ్విన ఖనిజం విలువను నూటికి నూరు శాతం రాబట్టమంది, అనంతర అనుమతి మన పర్యావరణ న్యాయానికి పరాయిదని కూడా అంది. 2020లో అలెంబిక్ కేసులో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని మూడు కంపెనీలను మూయకుండానే ఒక్కోదానికి 10 కోట్లు విధించింది. అనంతర అనుమతి సూత్రాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఇక్కడే ఎయిమ్స్ ప్రశ్నకు జవాబుంది. కట్టిన ఆస్పత్రిని కూల్చకుండా కాపాడే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఎప్పుడూ ఉంది. ఏ భవనానికి ఆ మినహాయింపు కావాలో దాని కథ విడిగా విని ఇవ్వవచ్చు. అందుకోసం దేశంలోని ప్రతి ఉల్లంఘనదారుడికీ ఒక రేటు కార్డు అచ్చేయనక్కర్లేదు.

పైగా ఆ జాబితాలోని ప్రభుత్వ ప్రాజెక్టులు అనుమతి లేకుండా ఎలా మొదలయ్యాయి? నోటిఫికేషన్ రాసిందీ, అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే. తన చట్టాన్ని తాను పాటించని ప్రభుత్వం ఆ ఉల్లంఘన ఫలాన్నే కోర్టులో వాదనగా పెట్టడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తోంది. ఆ పనులకు సంతకం పెట్టిన అధికారుల మీద చర్య గురించి ఎవరూ మాట్లాడలేదు.

పరిశ్రమల వైపు న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అనుమతుల ప్రక్రియ నెమ్మదిగా సాగుతుంది. రాష్ట్ర స్థాయి మదింపు సంస్థల పదవీకాలం ముగిస్తే కొత్త కమిటీ వచ్చేదాకా ఫైళ్లు మూలుగుతాయి. కాలుష్య నియంత్రణ మండళ్లలో ఇంజినీర్లు, శాస్త్రవేత్తల ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు. దీనివల్ల నష్టపోయేది నిజాయతీగా వరుసలో నిలబడ్డవాడు. ఆ వరుసను త్వరగా నడపాలి, సిబ్బందిని ఇవ్వాలి, గడువు లోపల అవునో కాదో చెప్పాలి. ఇక స్థిరాస్తి రంగానికి, పునఃసమీక్ష కోరింది వాళ్లే కాబట్టి చెప్పాల్సొస్తోంది, ఈ భారం ఇప్పటికే తేలిక. భవన నిర్మాణ ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచే మినహాయింపు ఇచ్చింది. 20,000 చదరపు మీటర్ల లోపు కట్టడాలకు అనుమతే అక్కర్లేదు.

కొత్త ధర్మాసనం ఈ కేసును విన్నప్పుడు ఒక పని చేయాలని నా విన్నపం. 2017 నుంచి అనంతర అనుమతి కోరిన సంస్థలన్నిటి జాబితాను, ఒక్కొక్కటి అనుమతి లేకుండా ఎన్నాళ్లు నడిచింది, ఆ కాలంలో ఎంత అమ్మింది, ఎంత జరిమానా కట్టింది అన్న వివరాలతో కేంద్రం నుంచి తెప్పించుకోవాలి. ఆ పట్టికను బయట పెట్టాలి. క్రెడాయ్‌కి న్యాయవాదులున్నారు, ప్రభుత్వ సంస్థలకూ ఉన్నారు. అనుమతి కోసం ఏడాది ఆగి, వడ్డీలు కట్టి, తనకన్నా ముందు సరుకు మార్కెట్‌లోకి తెచ్చిన ఉల్లంఘనదారుడి చేతిలో ఆర్డర్లు పోగొట్టుకున్న మధ్యతరహా పారిశ్రామికవేత్త ఆ కోర్టు హాలులో పార్టీ కాడు. వెంకటాపురంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబమూ పార్టీ కాదు. వాళ్ల వైపు లెక్క ఆ పట్టికలోనే తేలుతుంది.